గుంజ గుంజకు నొక్కటే: ‘యెంచు’నా, ‘తెంచు’నా?

ఎంవీపీ కాలనీ నుంచి:
మా మాస్టారు ట్రెల్లిస్ పటం (కోడ్ స్థితులను గుంజల్లా, వాటి మధ్య దారులను తీగల్లా చూపే పందిరి బొమ్మ) గీస్తూ ఒక తేటగీతి పాదం చదివేవారు. వారం రోజులుగా అది నన్ను వదలడం లేదు. ‘గుంజ గుంజకు నొక్కటే కోరి...’ ఆ తర్వాతి మాట ‘యెంచు’నా, ‘తెంచు’నా? గణం రెండింటికీ సరిపోతోంది. మిగతా మూడు పాదాలూ గుర్తు లేవు.

భీమిలి నుంచి:
‘యెంచు’. అందిన సంకేతం నుంచి అసలు సందేశాన్ని రాబట్టే డీకోడరుకు 1967లో విటర్బీ చెప్పింది అదే కదా. ఒక్కో స్థితికి చేరిన దారుల్లో అందిన సంకేతానికి దూరం తక్కువైనది ఒక్కటే బతుకుతుంది.

గాజువాక నుంచి:
తొందరపడకండి. గుంజ దగ్గర డీకోడరు విజేతను తేల్చదు, ఓడిన దారిని వదిలేస్తుందంతే. అసలు తీర్పు ఎన్నో అడుగులు సాగాక, వెనక్కి నడిచినప్పుడు. రెండు తీగలు కలిసే చోట ఒక్కటి తెంచితే చాలు. ‘కోరి తెంచు’ అనడంలో ఎంత తెగువ ఉందో చూడండి!

భీమిలి నుంచి:
రెండే కలుస్తాయని ఎవరన్నారు? ఆ పటం కోడింగునూ మాడ్యులేషన్‌నూ (బిట్లను పంపే సంకేతాలుగా మార్చడాన్నీ) కలిపిన పద్ధతిదైతే? ఉంగర్‌బోక్ 1982 వ్యాసంలోని నాలుగు స్థితుల 8-పీఎస్‌కే (వలయం మీది ఎనిమిది బిందువులే సంకేతాలు) కోడ్ తీసుకోండి. ఒక్కో స్థితికి నాలుగు కొమ్మలు చేరతాయి. ఒకటి తెంచితే ఇంకా మూడుంటాయి.

గాజువాక నుంచి:
ఆ నాలుగూ రెండు జంటలు. జంటలోని బిందువులు వలయం మీద ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి అందిన సంకేతానికి ఏది దగ్గరో ముందే తేలిపోతుంది. గుంజ దాకా వచ్చేవి రెండే. తెంచాల్సింది మళ్లీ ఒక్కటే.

పెందుర్తి నుంచి:
నాకు మొదటి మాట మీదే అనుమానం. మా ఇంట్లో ఆనపపాదు పందిరికి పాతేది రాట. ‘రాట రాటకు’ అని ఉండాలి.

భీమిలి నుంచి:
నాలుగో గణం ‘కోరి’. యతి ‘గుం’కూ ‘కో’కూ. ‘రా’తో ఎలా కుదురుతుంది? గుంజను యతి కాపాడింది.

సీతమ్మధార నుంచి:
మరి చివరి అక్షరాన్ని? జంటలో ఏ బిందువో తేల్చే, కోడ్ రక్షణ లేని బిట్టుకు ఉంగర్‌బోక్ ఎదురెదురు బిందువులిచ్చాడు, ఆ దూరమే దానికి కాపలా. ఇక్కడ యతి లేని చోట ధ్వనులు పక్కపక్కనే ఉన్నాయి, అర్థాలే ఎదురెదురు. అందుకే ముందు అక్షరం ఖాయం చేసి ఆపైన ఛందస్సు చూడకూడదు. చెవికి ఎటు ఎంత మొగ్గుందో ఆ పాళ్లతో సహా గణం, యతి, అర్థం కలిపి తూచాలి.

పెందుర్తి నుంచి:
మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ యతిప్రాసల కట్టు విడిచాడు, అయినా మాట మార్చి చదివితే పంక్తి కుంటుతుంది. మాత్రలు చాలవా?

గాజువాక నుంచి:
శ్రీశ్రీ నడక నాకూ ప్రాణం. కానీ యెంచు, తెంచు రెండూ మూడు మాత్రలే.

ఎంవీపీ కాలనీ నుంచి:
నా చెవి కొంచెం ‘తెం’ వైపే మొగ్గుతోంది. మాస్టారు ఒక గీతను చెరిపి, మరొక గీతను దిద్దేవారు. ఆ మాట ఏ గీత దగ్గర అన్నారో గుర్తు రావడం లేదు.

గాజువాక నుంచి:
పక్క బెంచీ వాళ్లను అడగండి. తర్వాతి పాదం దొరికితే వెనక్కి నడవవచ్చు.