పాప గౌను మెడ తలలోంచి దిగలేదు, కోస్తే భుజాలు జారిపోతున్నాయి

ముమ్మిడివరం కోడలు:

అందరికీ నమస్కారమండి. మా పాపకి పదకొండు నెలలు నిండాయి. ఇంకో 20 రోజుల్లో పుట్టినరోజు. కొన్న గౌన్లు రెండున్నాయి కానీ రెండింటికీ లోపల గరగరలాడే నెట్టు. ఈ ఉక్కలో వేస్తే పది నిమిషాల్లో మెడంతా చెమటకాయలు. మా అమ్మ తన బండారులంక చీర ఒకటి ఇచ్చింది. లేత పసుపు, మెరూన్ అంచు. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. దాంతో నేనే కుడదామని కూర్చున్నాను.

మిషను మా అత్తగారిది, కాలితో తొక్కేది. నాకు వచ్చిందల్లా చీరకి ఫాల్ వేయడం, దిండు గలీబులు కుట్టడం. పాప పాత జుబ్బాని పేపరు మీద పరిచి, చుట్టూ గీసి కత్తిరించాను. గౌను చూడ్డానికి ముద్దుగానే వచ్చింది, వేద్దామంటే చెవుల దగ్గర ఇరుక్కుపోయింది. పాప ఏడుపు, నా ఏడుపు. మెడ చుట్టూ ఇంకో అంగుళం కోసేశాను. ఇప్పుడు తల దూరుతోంది, కానీ ఓ పక్క భుజం మోచేతి దాకా జారిపోతోంది. మా ఆయన చూసి "ఫ్యాషన్ షోకా?" అన్నారు. దీన్ని బాగుచేసే దారి ఉందా, లేక మసిగుడ్డేనా?

ఇంకో మూడు సందేహాలు. కుట్టు మొదలుపెట్టగానే మిషను ఈ పల్చటి గుడ్డని కిందికి లాగేసుకుంటోంది. లైనింగ్‌కి కొత్త గుడ్డ మీటరు కొన్నాను, వెయ్యనా? అత్తగారి పెట్టెలో నరసాపురం లేసు గజంన్నర ఉంది, మెడకి బాగుంటుందా?

పాలకొల్లు టైలరమ్మ:

అమ్మడూ, ముందు ఆ కత్తెర తీసి బీరువా మీద పెట్టు. కోసింది చాలు.

తప్పెక్కడ జరిగిందో చెప్తాను. ఆ జుబ్బాకి వెనకాల తాళ్లు ఉంటాయి కదా? అది తలలోంచి వేసేది కాదు. చేతులు దూర్చి వెనక ముడి వేసేది. నువ్వు దాని మెడ గీసుకుని, వీపు మాత్రం మూసేశావు. ఏడాది పిల్లకి తల చుట్టుకొలత దాదాపు 18 అంగుళాలు ఉంటుంది. మెడ అందులో సగం, ఓ అంగుళం అటూ ఇటూ. మెడకి సరిపోయిన కంత తలకి ఎలా సరిపోతుంది? ముప్ఫై ఏళ్లు దాటింది నేను కుట్టబట్టి. మిషను నేర్చుకోడానికొచ్చే ప్రతి పిల్లా మొదటి గౌనుకి ఇదే చేస్తుంది. నేనూ చేశాను, మా పెద్దవాడి చొక్కాకి.

మసిగుడ్డ చెయ్యక్కర్లేదు. మిగిలిన చీరలోంచి అంగుళంన్నర వెడల్పున క్రాస్ పట్టీ తియ్యి. క్రాస్ అంటే గుడ్డని ఐమూలగా మడిచి, ఆ మడత వెంట కోసింది. నిలువుగా తీసిన పట్టీ గుండ్రటి చోట తిరగదు, ముడతలు పడుతుంది. ఆ పట్టీని మెడ చుట్టూ కుట్టి, లోపలికి మడిచి, గొట్టంలా చెయ్యి. రెండంగుళాలు మాత్రం కుట్టకుండా వదులు. పావంగుళం ఎలాస్టిక్ 12 అంగుళాలు కోసి, పిన్నీసుకి గుచ్చి అందులోంచి దూర్చు. కొసలు ఒకదాని మీద ఒకటి అరంగుళం ఎక్కించి కుట్టేసి, ఆ కంత మూసెయ్యి. తల దూరేటప్పుడు సాగుతుంది, తర్వాత కుచ్చులు పడి మెడ దగ్గరకొస్తుంది. కావాలని కుట్టినట్టే ఉంటుంది. వేశాక నీ వేళ్లు రెండు సులువుగా దూరాలి. దూరకపోతే ఎలాస్టిక్ పెంచు, "కాసేపేగా" అనుకోకు.

మళ్లీ కుట్టేటప్పుడు మెడ చిన్నగానే ఉంచి వెనక చీలిక తియ్యి. 12 అంగుళాల మెడకి 4 అంగుళాల చీలిక ఇస్తే రెండు పక్కలూ కలిసి 8 పెరుగుతుంది. అంటే తలకి 20 అంగుళాల దారి.

మిషను మింగడం సంగతి. దానికి 16 నంబరు సూది ఉండుంటుంది, మీ అత్తగారు సంచులూ అవీ కుట్టినట్టున్నారు. 11 నంబరు కొత్త సూది పెట్టు. అంచు మీదే మొదలుపెట్టకుండా అరంగుళం లోపల మొదలెట్టు. దారం కొసలు రెండూ వెనక్కి పట్టుకుని మొదటి నాలుగు కుట్లూ చక్రం చేత్తో తిప్పు. అప్పటికీ మింగితే గుడ్డ కింద తెల్ల కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపెయ్యి. న్యూస్ పేపరు పెట్టకు, సిరా అంటుతుంది.

లైనింగ్ వేసే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టు. అందరూ బోర్లా పడేది ఇక్కడే. చీర ఏళ్ల తరబడి ఉతికింది, అది ఇంక ముడుచుకోదు. కొత్త లైనింగ్ ముడుచుకుంటుంది. అలాగే కుట్టేస్తే మొదటి ఉతుక్కే లోపలిది పొట్టిదై, పైది బుంగలా ఉబ్బుతుంది. అసలు ఆ చీరని రెండు వరసలుగా వేస్తే లైనింగే అక్కర్లేదు.

చీరని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూడు. నేత పల్చబడ్డ చోట్లు కనిపిస్తాయి, అక్కడ కొయ్యకు. కుచ్చిళ్ల కింది అంచు నేలకి ఒరిసి ఉంటుంది. బొడ్లో దోపుకునే కొస మాత్రం గట్టిగా ఉంటుంది, గౌనుకి అదే తీసుకో. అంచు కింది వైపుకి వచ్చేలా కోస్తే మడత కుట్టే పనీ తప్పుతుంది. అంచుకి పైన లోపలివైపు అరంగుళం మడతలు రెండు వేసి పెద్ద పెద్ద కుట్లతో ఉంచు. వచ్చే ఏడాది విప్పితే రెండంగుళాల పొడుగు వస్తుంది. మన పరికిణీలకి వేసేవాళ్లం కదా, అదే.

లేసు మెడకి వద్దే వద్దు. మా అత్తగారు వరండాలో కూర్చుని నరసాపురం లేసు అల్లేవారు, దాని మీద నాకున్న ప్రేమ ఇంతా అంతా కాదు. అయినా చెప్తున్నాను, ఆ గళ్లలో చంటిపిల్లల వేళ్లు చిక్కుకుంటాయి. కింది అంచుకీ వెయ్యకు, పాకే పిల్ల కదా, కాలివేలు తగులుకుంటుంది. దాచు. మూడో ఏట పరికిణీకి వేద్దువుగాని.

ఆత్రేయపురం వాణ్ణి, తిరుప్పూరులో ఉద్యోగం:

టైలరమ్మగారు చెప్పింది అక్షరాలా నిజమండి. ఆయ్, నేను ఇక్కడ పిల్లల బట్టల కంపెనీలో చెకింగ్‌లో చేస్తాను. యూరప్ వెళ్లే సరుకులో ఏడేళ్ల లోపు పిల్లలకి మెడ దగ్గర, టోపీకి తాళ్లు ఉండకూడదు. దేనికైనా చిక్కుకుంటే మెడకి బిగుసుకుంటాయని. కాబట్టి వెనక చీలిక తీసినా అక్కడ పొడుగు తాడు కట్టకండి, చిన్న ప్రెస్ బటన్ చాలు. గుండీ కుడితే లాగి చూడండి, ఊడితే నేరుగా నోట్లోకే. పూసలూ అద్దాలూ మూడేళ్లు దాటాకే.

కుట్టడం అయ్యాక గౌను తిరగేసి లోపలి కుట్లని మీ చెంప మీద రుద్దుకోండి. గుచ్చుకుంటే పాపకీ గుచ్చుకుంటుంది.

రాజోలు పిన్ని:

మెడకి ఎలాస్టిక్ నాకు నచ్చదు. చెమటకి ఒరుసుకుని ఎర్రగా గీత పడుతుంది. మా మనవరాలికి అలాగే అయింది. వెనక మధ్యలో నాలుగంగుళాలు చీల్చి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి రెండు ప్రెస్ బటన్లు వేస్తే సరిపోదూ?

పాలకొల్లు టైలరమ్మ:

పిన్నిగారూ, మెడ సరిగ్గా ఉంటే మీ మాటే నా మాట. ఈ గౌనుకి మెడ ఇప్పటికే వెడల్పైపోయింది, వెనక ఎక్కిస్తే ముందు భాగం గొంతు మీదకి లాగుతుంది. మీ మనవరాలిది గుడ్డకే నేరుగా కుట్టిన ఎలాస్టిక్ అయ్యుంటుంది. గొట్టంలో ఉంటే ఒంటికి తగలదు. అయినా ఇది పుట్టినరోజు గౌను, పడుకోబెట్టేటప్పుడు తీసేస్తారుగా.

ముమ్మిడివరం కోడలు:

మొన్న పుట్టినరోజు అయిపోయిందండి. ఎలాస్టిక్ ముందు 11 కోశాను, రెండు వేళ్లు దూరలేదు, విప్పి 12 వేశాను. క్రాస్ పట్టీ మొదటిసారి నిలువుగానే తీశాను, మీరన్నట్టే ముడతలు పడింది. సూది మార్చాక మిషను దారికొచ్చింది. అత్తగారు నిజంగానే దాంతో బియ్యం సంచులు కుట్టారట. లైనింగ్ నానబెడితే మీటరు గుడ్డ రెండు వేళ్లు తగ్గింది. వెయ్యలేదు, చీరే రెండు వరసలు వేశాను. ముక్కల్లో ఒక బ్లూమరు, ఒక కుల్లాయి కూడా అయ్యాయి. కుల్లాయికి తాళ్లు పెట్టలేదు బాబాయ్.

గౌను ఉదయం వేస్తే సాయంత్రం దాకా ఏడవలేదు. ఆ మెరూన్ అంచు మాత్రం రోజంతా నోట్లోనే ఉంది. భయపడి తడి తెల్లగుడ్డతో రుద్ది చూశాను, రంగు దిగట్లేదు.