సమస్య: సెట్టు కూలెఁ గాని సెట్టు నిలిచె

నిర్వాహకులు: రాత్రి నిఘంటువులో ‘సెట్’ తెరిచాను, తెల్లారిపోయింది. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ రెండో కూర్పులో ఈ ఒక్క మాటకే 430 అర్థాలు, వివరణ దాదాపు 60,000 పదాలు! పక్క మీద వాలేలోపు ఈ పాదం తట్టింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. రెండు సెట్టులకూ వేర్వేరు అర్థాలు రావాలి, అదొక్కటే నియమం.

చిన్నక్క:
ఆ.వె. (ఆటవెలది)
గాలివాన వచ్చి కట్టిన కోటెల్ల
నేలఁ గలిసె, నపుడు నీడలోన
జంట చూపు కలిపి చల్లగా నవ్వంగ
సెట్టు కూలెఁ గాని సెట్టు నిలిచె

షూటింగు సెట్టు కూలింది, హీరో హీరోయిన్లు సెట్టయ్యారు.

మాస్టారు: విరుపు బాగుందమ్మా. కానీ గాలివానలో నీడెక్కడిది?

చిన్నక్క: తలదాచుకునే నీడ, మాస్టారూ. ‘నిలువ నీడ’ అనమా?

మాస్టారు: అంటాం, ఒప్పుకున్నాను. ఇక నాది.

ఆ.వె.
పండ్లు రాలె నోట పటపట యన్నియు
వైద్యుఁ డచ్చుఁ దీసి వరుసఁ గూర్చె
తాత నవ్వినపుడు దంతాలు మెరిసెను
సెట్టు కూలెఁ గాని సెట్టు నిలిచె

కొత్త కలం: ధార హాయిగా ఉంది మాస్టారూ. రాలినదీ పళ్ళ సెట్టే, పెట్టినదీ పళ్ళ సెట్టే. అర్థం మారలేదు కదా! నా పూరణ చూడండి.

ఆ.వె.
కర్ర లూడె, పలక కదిలి పడెను నేల
ముందు రోజె పోయ ముదిరె స్లాబు
మేస్త్రి గోట గీచి మెచ్చుచుఁ బలికెను
సెట్టు కూలెఁ గాని సెట్టు నిలిచె

మాస్టారు: ‘ముదిరె స్లాబు’ దగ్గర ఆగిపోయాను. ‘స్లా’ జంట అక్షరం, దాని ముందున్న ‘రె’ గురువై బరువెక్కితే గణం, అంటే గురు లఘువుల కూర్పు, పోయింది. పోయినసారి ‘రన్ను’ సమస్యలోనూ ఇదే తొందర. అక్కడ పాదం మొదటి ‘ర’కు నడుమ ‘ల’తో యతి కలిపి, అడిగితే ఆ రెంటికీ అభేదం, అంటే తేడా లేదు, అన్నావు. నేనింకా ఒప్పుకోలేదు.

కొత్త కలం: ర-ల యతి వేసిన పెద్దలున్నారు మాస్టారూ. అది ఆ రోజే చెప్పాను.

చిన్నక్క: ‘రన్ను’ గొడవ తర్వాత చూద్దాం. ‘ముదిరె’, ‘స్లాబు’ వేర్వేరు పదాలు, సమాసం కాదు. కాబట్టి ‘రె’ తేలికపాటి లఘువే, గణం నిలబడింది. నిలబడనిది స్లాబు, తమ్ముడూ! మర్నాడే కింద మోసే కర్రలూ పలకలూ, అదే సెంట్రింగు, ఊడితే స్లాబు కూడా దాంతోపాటే వస్తుంది. పిల్లరైతే సరే, పక్క పలకలు ఒక రోజుకు విప్పేస్తారు. ఇంకోటి, కాంక్రీటు సెట్టవడం వేరు, ముదరడం వేరు. బిగుసుకోవడానికి గంటలు చాలు. బలాన్ని 28 రోజులకు గాని లెక్కగట్టరు. గోటితో గీస్తే తెలిసేది బిగువే, బలం కాదు. ‘ముందు రోజె పోయ ముద్ద బిగిసె’ అను. స్లాబూ పోతుంది, మాస్టారి అనుమానమూ పోతుంది.

కొత్త కలం: అక్కా, దండం. మార్చేశాను. అది ఇక పిల్లరే.

నిర్వాహకులు: ఈ పూరణ నాకు నచ్చడానికి ఇంకో కారణముంది. ‘సెట్’ అనే రూపంలో పుట్టుక వేరైన రెండు మాటలు కలిసిపోయాయి. గుంపు, జత అనే అర్థం లాటిన్ ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. క్రియ పాత ఇంగ్లీషు ‘సెట్టన్’, అంటే కూర్చోబెట్టడం. మనకు కూర్చొను, కూర్చోబెట్టు ఎలాగో వాళ్ళకు సిట్, సెట్ అలాగ. కూలిన పలకల సెట్టు మొదటి ఇంటిది, బిగిసిన సెట్టు రెండో ఇంటిది. మాస్టారి పళ్ళు రెండూ మొదటి ఇంట్లోనే ఉండిపోయాయి.

మాస్టారు: తాతను మళ్ళీ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తాను, రేపటికి రెండో పూరణ పెడతాను. ‘ముద్ద బిగిసె’ మంచి సవరణ, చిన్నమ్మా. ర-ల సంగతి మాత్రం వదలను.