కాలిపోయిన 300 వాట్ల ఇన్వర్టర్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

టిఫిన్ బండి:
తిరుచానూరు రోడ్డులో మాకు సాయంత్రం పూట టిఫిన్ బండి ఉంది. 12 వోల్టుల బ్యాటరీకి 300 వాట్ల చిన్న ఇన్వర్టర్ తగిలించి మూడు ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్, చట్నీ అయిపోతే మిక్సీ నడుపుతుంటాం. శనివారం మంచి రద్దీలో లోపల టప్‌మని చప్పుడు, కాలిన వాసన. ఫ్యూజు పోయింది. కొత్త ఫ్యూజు వేసి బ్యాటరీ తగిలించగానే అదీ పోయింది. రిపేరు షాపులో 700 అడిగారు, గ్యారంటీ మాత్రం ఇవ్వరంట. కొత్తది 1,900 చెప్తున్నారు. బాగు చేయించమని మా నాన్న, పారేయమని మా బావమరిది. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. మీరేమంటారు?

కొర్లగుంట:
కొత్తది కొనేయ్ అన్నా. గ్యారంటీ లేకుండా 700 ఎందుకు పెట్టాలి? వారానికే మళ్ళీ పోతే ఆ డబ్బూ పోయె, ఆ పూట వ్యాపారమూ పోయె. చీకట్లో దోసె పోస్తే ఎవరు తింటారు?

సోల్డర్ పొగ:
చిత్తూరులో నాది ఇదే పని, కాబట్టి నా మాటలో కాస్త స్వార్థం ఉందనుకున్నా ఫర్వాలేదు.

ముందు ఒకటి. రెండో ఫ్యూజు కూడా వెంటనే పోయిందంటే లోపల షార్ట్ ఉన్నట్టే. ఇక ఫ్యూజులు మార్చి చూడొద్దు. పెద్ద ఫ్యూజు వేయడం, వైరు ముక్క చుట్టడం అసలే వద్దు. ఈసారి బోర్డు మీద రాగి గీతలు కూడా కాలిపోతాయి.

ఈ చిన్న డబ్బాల్లో పని రెండు దశల్లో జరుగుతుంది. బ్యాటరీ పక్కనున్న మాస్‌ఫెట్లు (స్విచ్చుల్లా పనిచేసే మూడు కాళ్ళ ట్రాన్సిస్టర్లు) 12 వోల్టులను చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేసి చిన్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇస్తాయి. అక్కడ వోల్టేజీ పెరిగి, డయోడ్ల మీదుగా 300 వోల్టుల పైచిలుకు డీసీ అవుతుంది. రెండో పక్కన ఇంకో నాలుగు మాస్‌ఫెట్లు దాన్ని 50 హెర్ట్జ్ ఏసీగా తిప్పుతాయి. ఇలా టప్‌మని పోయిన వాటిలో ఎక్కువగా బ్యాటరీ పక్కవే షార్ట్ అయి కనిపిస్తాయి. ఐఆర్‌ఎఫ్ 3205 అని రాసి ఉంటుంది చాలా వాటి మీద.

మల్టీమీటర్ ఉంటే షాపుకు వెళ్ళే ముందే చూసుకోవచ్చు. బ్యాటరీ తీసేయాలి. లోపల పెద్ద కెపాసిటర్‌లో ఆ 300 వోల్టులు ఇంకా నిలిచి ఉండొచ్చు, అది ఖాళీ అయిందని మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి. తర్వాత మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి మాస్‌ఫెట్ మధ్య కాలు, మూడో కాలు మధ్య చూడండి. బాగున్నది ఒక వైపు 0.4, 0.5 అలా చూపిస్తుంది, వైర్లు అటూ ఇటూ మారిస్తే ఏమీ చూపించదు. పోయినది రెండు వైపులా సున్నా దగ్గరే ఉంటుంది. వాటి కాళ్ళు ఒకదానితో ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒకటి షార్ట్ అయినా జతలో అన్నీ సున్నానే చూపిస్తాయి. ఏది పోయిందో తేలాలంటే ఊడదీయాల్సిందే.

కొర్లగుంట:
అన్నా, మీరు చెప్పింది నిజమే. కానీ ఇంత ఓపిక ఏ షాపులో ఉంది? పోయిన ఒక్కటి మార్చి, లైటు వెలిగించి చూపించి పంపిస్తారు. గ్యారంటీ ఇవ్వనన్నారంటే అది నిలబడదని వాళ్ళకూ తెలుసు.

సోల్డర్ పొగ:
ఒక్కటే మారిస్తే నిలబడదు, అందులో నీతో నాకు గొడవ లేదు. మిగిలినవి అప్పటికే వేడికి దెబ్బ తిని ఉంటాయి. పైగా పాతవీ కొత్తవీ కలిస్తే కరెంటు సమానంగా పంచుకోవు. ఆ పక్కన ఉన్నవన్నీ ఒకే రకంవి మార్చాలి. వాటిని ఆన్, ఆఫ్ చేసే గేటు కాళ్ళకు వెళ్ళే చిన్న రెసిస్టర్లు కూడా కొలవాలి, మాస్‌ఫెట్‌తో పాటు అవీ కాలుతుంటాయి. మాస్‌ఫెట్లను నడిపేది టీఎల్ 494 ఐసీ అయితే దాని 14వ కాలు మీద 5 వోల్టులు వస్తున్నాయా చూడాలి. రాకపోతే ఎన్ని మాస్‌ఫెట్లు వేసినా దండగే. మాస్‌ఫెట్‌కూ, దాని వేడి లాగే లోహపు హీట్‌సింక్‌కూ మధ్యనుండే ఇన్సులేటింగ్ ప్యాడ్ చిరిగితే కొత్త పార్టు కూడా అక్కడే షార్ట్.

ఇవన్నీ అయ్యాక నేరుగా బ్యాటరీ ఇవ్వకూడదు. ప్లస్ వైరు మధ్యలో కారు ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 21 వాట్లది, పెట్టి ఆన్ చేయాలి. లోడు ఏమీ ఉండకూడదు. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే సరే. నిండుగా వెలుగుతూ ఉంటే ఇంకా ఎక్కడో షార్ట్ ఉంది, కానీ కరెంటును బల్బు అడ్డుకుంటుంది కాబట్టి కొత్త పార్టులు మాత్రం కాలవు. షాపువాళ్ళను ఈ బల్బు పరీక్ష నీ ముందే చేయమని అడుగు. చేస్తామంటే 700 ఇవ్వొచ్చు.

మామిడితోట:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. మిక్సీ మీద ఎన్ని వాట్లని ఉంది?

టిఫిన్ బండి:
500. ఇన్వర్టర్ డబ్బా మీద మాత్రం పీక్ 600 అని ఉంది.

మామిడితోట:
ఆ పీక్ క్షణంసేపటి మాట. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే చాలా రెట్లు కరెంటు లాగుతుంది. పైగా చట్నీ ఒక్క క్షణంలో అవ్వదు కదా. 300 వాట్లకే 12 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లు, నష్టాలు కలిపితే 30 దాకా పోతుంది. 500 అయితే లెక్క నువ్వే వేసుకో.

వైరు కూడా చూసుకో. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకు 7 మిల్లీఓమ్‌ల పైనే ఉంటుంది. పోనూ రానూ నాలుగు మీటర్లుంటే 30 ఆంపియర్లకు దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ బాగున్నా, అది అయిపోతోందని ఇన్వర్టర్ కీచుమంటుంది. జనం వెంటనే బ్యాటరీని తిడతారు. పక్కనే కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతున్నా మనం దాన్ని లోడు మీద టెస్టు చేయించం.

నా మాట వేరే. రిపేరూ వద్దు, కొత్తదీ వద్దు. 12 వోల్టుల ఎల్ఈడీ బల్బులు నేరుగా బ్యాటరీకి తగిలించు, ఫోన్‌కు కారు ఛార్జర్ పెట్టు. 12ను 230 చేసి, బల్బు లోపల మళ్ళీ తగ్గించుకోవడం దేనికి? మా తోటలో కాపలా గుడిసెకు అలాగే పెట్టాం. దారిలో ఫ్యూజు మాత్రం మరవొద్దు.

కొర్లగుంట:
అంటే చట్నీ ఇంట్లోనే రుబ్బుకోమంటారు. ఎనిమిదింటికి అయిపోతే?

మామిడితోట:
ఎక్కువ తెచ్చుకోవాలి, లేదా పెద్ద ఇన్వర్టర్, దానికి తగిన బ్యాటరీ కొనాలి. 300 వాట్లది కొత్తది తెచ్చినా దాని మీద పడేది అదే మిక్సీ.

పాత మల్టీమీటర్:
బాగు చేయించాక కొందరు అవుట్‌పుట్ కొలిచి 180 వచ్చిందని షాపు మీద పడతారు. ఈ చవక ఇన్వర్టర్ల నుంచి వచ్చేది మెట్లు మెట్లుగా ఉండే కరెంటు. మామూలు మీటర్లు సగటు కొలిచి, అది ఇంటి కరెంటులాంటి నున్నని సైన్ వేవ్ అనుకుని అంకె చూపిస్తాయి. శిఖరం 325 వోల్టులు, సగం సమయం సున్నా ఉండే తరంగం నిజానికి 230 వోల్టులే. ఆ మీటర్లో మాత్రం 180 కనిపిస్తుంది. తరంగం ఎలా ఉన్నా అసలు విలువ కొలిచే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్ అయితే సరిగ్గా చూపిస్తుంది. లేకపోతే పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి, ఇంటి కరెంటు మీద వెలిగినట్టే వెలుగుతోందా చూడండి.

టిఫిన్ బండి:
డబ్బా విప్పాను. బ్యాటరీ పక్క నాలుగున్నాయి, ఒకదానికి పైభాగం పగిలింది. నాలుగూ మార్చి బల్బు పరీక్ష చేస్తేనే 700 అన్నాను, షాపాయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. అది వచ్చేదాకా 12 వోల్టుల బల్బులు రెండు తెచ్చి పెట్టాను. వెలుగు బాగానే ఉంది. ఇన్వర్టర్ ఇక ఛార్జర్‌కేనా అని మా బావమరిది నవ్వుతున్నాడు.

కొర్లగుంట:
మీ బావమరిదిదీ నాదీ ఒకే పార్టీ. ఛార్జర్ కోసం 700 ఏందన్నా?

సోల్డర్ పొగ:
బల్బు పరీక్ష అయ్యాక మిక్సీ పెట్టకుండా ఒక గంట లైట్లు నడిపి, హీట్‌సింక్ మీద చెయ్యి ఆనుతుందో లేదో చూసి చెప్పు తమ్ముడూ. ముందు బ్యాటరీ తీసేయ్, ఆ తర్వాతే ముట్టుకో.