'కుండా' అంటే ఇల్లా, ఊరా?

పశ్చిమ ఆఫ్రికాలో గాంబియా నది ఉత్తరపు ఒడ్డున ఉన్న జుఫురె అనే ఊరి గురించి రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. అలెక్స్ హేలీ 'రూట్స్'కి తెలుగు అనువాదమైన 'ఏడు తరాలు' చదివినవాళ్ళకి అది అందులోని కుంటా కింటే ఊరు. పక్కనే అల్‌బ్రెడా, 1681లో ఫ్రెంచి వర్తకులు దిగిన చోటు. నది మధ్యలో బ్రిటిష్ వాళ్ళ కోట ఉన్న జేమ్స్ దీవి. 2011లో దానికి కుంటా కింటే దీవి అని పేరు మార్చారు. కింటే వాళ్ళు ఉండే చోటుని అక్కడి మండింకా భాషలో 'కింటే కుండా' అంటారు. దీన్ని ఇల్లు అనాలా, వాడ అనాలా?

— ఇల్లు అంటే చిన్నదైపోతుందండీ. ఒకే దడి లోపల అన్నదమ్ములు, వాళ్ళ భార్యాపిల్లలు, ఎవరి గదులు వాళ్ళవి, మధ్యలో అందరికీ కలిపి ఖాళీ జాగా. అదంతా కుండా. మన 'లోగిలి' సరిగ్గా సరిపోతుంది. ఆ లోగిలి పెరిగి ఊరైనా పేరు అలాగే ఉండిపోతుంది. సేయర్ జోబె పేరు మీద వెలిసిన సెరెకుండా ఇప్పుడు గాంబియాలోకెల్లా పెద్ద పట్టణం. సెనెగల్‌లో తంబకుండా ఉంది. తెలుగులో రాసేటప్పుడు దీర్ఘం మాత్రం వదలకండి, మట్టికుండ అయిపోతుంది.

— ఇరుగుపొరుగు ఊళ్ళ పేర్లూ చూడండి. వొలోఫ్ భాషలో ఇల్లు 'కెర్'. పాతకాలపు రాతి వలయాలున్న కెర్ బాచ్ అలా వచ్చిందే. ఫులా వాళ్ళ ఊళ్ళ పేర్లు 'సారె'తో మొదలవుతాయి. మొదట కాపురం పెట్టినవాళ్ళు ఏ భాషవాళ్ళో చాలాసార్లు పేరే చెప్పేస్తుంది. నాకు బాగా నచ్చిందేమిటంటే, మనకి ఊరిపేరు ఇంటిపేరవుతుంది, తాడేపల్లి వారు, కొండపల్లి వారు అని. అక్కడ మనిషి పేరే ఊరికి వస్తుంది.

— మనకీ ఉందిగా, ఫలానావారిపాలెం! అన్నట్టు కుంటా ఇంటిపేరు కాదు, కింటే ఇంటిపేరు. మొదట వచ్చేది ఇంటిపేరే అనుకోవడం మనకి అలవాటు.

— 'లోగిలి' అనే రాస్తాను, చాలా థాంక్సండీ. ఇంకొక్కటి. మండింకా వాళ్ళు ఎదురుపడితే 'సూమోలు లే?' అంటారు. ఉన్నదున్నట్టు చెబితే 'ఇంటివాళ్ళేరీ?' అని. 'ఇంట్లో అంతా కులాసానా?' అని మార్చేయనా?

— వద్దండీ. దానికి జవాబు 'అక్కడే ఉన్నారు' అని వస్తుంది. కులాసానా అని అడిగితే ఆ జవాబు అతకదు.