మారేడుమిల్లి రైడ్: టైర్లో గాలి, స్పేర్ ట్యూబులు

కోనసీమ_బండి:
అమలాపురం నుంచి శని, ఆదివారాలు ఆరు బళ్లు మారేడుమిల్లి వెళ్తున్నాం. నాలుగు ఎక్స్‌పల్స్ 200, రెండు హిమాలయన్ 411. అందరిదీ కాలవగట్ల అలవాటే, ఘాట్ కొత్త. మట్టి దారిలో గాలి ఎంత ఉంచాలి? ట్యూబులు ఏవి పట్టుకెళ్లాలి?

రావులపాలెం_రైడర్:
తారు మీద కంపెనీ చెప్పినంత. మట్టిలోకి దిగాక ముందు 20, వెనక 22 పీఎస్‌ఐ చాలు. ఇవి ట్యూబు టైర్లండీ, మరీ తగ్గిస్తే రిమ్ము మీద టైరు జారి వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది. దానికి ప్యాచ్ నిలవదు. రాళ్ల దారైతే గాలి అసలు దించొద్దు, ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ముందు చక్రం రెండు బళ్లకీ 21 అంగుళాలే. వెనక ఎక్స్‌పల్స్‌కి 18, హిమాలయన్‌కి 17. ట్యూబులు రెండు 21, ఒక 18, ఒక 17 తీసుకోండి. అవసరమైతే 21 ట్యూబుని వెనక టైర్లో సర్ది నెమ్మదిగా ఊరు చేరొచ్చు. టైరు లివర్లు మూడు, పంపు, వెనక యాక్సిల్ నట్టుకి సరిపడే స్పానరు. ఈ స్పానరే అందరూ మరిచిపోయేది!

గోదారి_గట్టు:
ఘాట్ దిగేటప్పుడు క్లచ్ పట్టి జారొద్దు. రెండో గేరులో ఇంజినే బండిని ఆపాలి. బ్రేకు అదేపనిగా నొక్కితే ఫ్లూయిడ్ మరిగి బ్రేకు లివర్ మెత్తబడి సరిగా పట్టదు. దారి చీలినచోట లీడర్ వెనకున్న బండి ఆగి, చివరి బండి వచ్చేదాకా కదలకూడదు. పెట్రోలు రంపచోడవరంలోనే ఫుల్ చేయించండి.

కోనసీమ_బండి:
ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ ఉంది, సరిపోదా?

రావులపాలెం_రైడర్:
పనికిరాదు. ఆ కిట్లో చిల్లులోకి దూర్చే రబ్బరు పురికోసలు ట్యూబు టైరుకి కాదు. ఇంట్లో పెట్టి రండి.