కందుకూరి వారి జన్మగృహం: పదేళ్ల పిల్లకు ఏం చెప్పి చూపించాలి?

గోదావరి గట్టు (ప్రశ్న):
నేను పుట్టి పెరిగింది రాజమహేంద్రవరంలోనే అయినా, కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటి ముందు నుంచి ఎన్నోసార్లు సైకిలు మీద వెళ్లానే గాని, ఒక్కసారి కూడా లోపల అడుగుపెట్టలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా! ఈ సంక్రాంతికి పదేళ్ల మా అమ్మాయిని తీసుకుని బెంగళూరు నుంచి వస్తున్నాను. పాత గోడలు, పటాలు చూసి పిల్ల విసుక్కోకుండా ఉండాలంటే ముందుగా ఏం చెప్పాలో పెద్దలు సూచించగలరు.

పాత పుస్తకాల పిచ్చి:
ఆయన 1848లో పుట్టారు, 1919లో పోయారు అంటూ మొదలుపెట్టకండి. అది పిల్లకు పాఠంలాగే వినిపిస్తుంది. 1881 డిసెంబరు 11 రాత్రి గురించి చెప్పండి. ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం ఆ రోజున పంతులుగారి ఇంట్లోనే జరిగింది. పెళ్లికూతురు గౌరమ్మ, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న పిల్ల. పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు. ఊరి పెద్దల్లో చాలామంది ఎదురుతిరిగితే, పంతులుగారికి తోడుగా నిలిచినవారు ఆయన దగ్గర చదువుకుంటున్న విద్యార్థులు, కొద్దిమంది మిత్రులు. వెలివేస్తారన్న భయంతో వంటవాళ్లు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే పెళ్లి వంట చేశారు, గోదావరి నుంచి నీళ్లు కూడా మోశారు. నా మట్టుకు నాకు ఆ ఇంట్లో నిలబడినప్పుడు పంతులుగారి కంటే ముందు ఆ బిందె గుర్తుకు వస్తుంది. వీలైతే మీరు ‘స్వీయ చరిత్రము’లో ఆ పెళ్లి ఘట్టం చదివి వెళ్లండి, అది చదవకుండా వెళితే మీరు చూసేది ఖాళీ గదులనే.

కోటిపల్లి బస్టాండు:
పైవారు చెప్పింది నిజమే గాని, ముందు తలుపు తెరిచి ఉండాలి కదండీ. నేను నిరుడు పండగ పూట చుట్టాలను వెంటబెట్టుకుని వెళ్లి, తాళం చూసి తిరిగి వచ్చాను. పండగ మూడు రోజులూ వదిలేసి, ఆదివారం కాని రోజున ఉదయం పూట, ముందుగా ఎవరినైనా కనుక్కుని వెళ్లడం మేలు.

తెలుగు మేష్టారు:
ఇంటితోనే ఆపవద్దని నా మనవి. పంతులుగారు 1890లో కట్టించిన టౌన్‌హాలు, ఆయన సమాధి ఉన్న ఆనందోద్యానం కూడా ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి ఒక్క పూటలో మూడూ చూడవచ్చు. 1874లో ఆయన ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. ఆ మాట మీ అమ్మాయికి తప్పక చెప్పండి, ఎందుకంటే బడికి వెళ్లడమే ఒకప్పుడు ఊరంతా తగువు పడిన విషయమని ఈ కాలపు పిల్లలు ఊహించలేరు. అలాగని ఆయనను దేవుణ్ణి చేయకండి. తన పత్రిక ‘వివేకవర్ధని’లో లంచగొండులనూ పెద్దమనుషులనూ పేరుపేరునా దులిపేసిన మొండి మనిషిగా చూపిస్తేనే పిల్లలకు నచ్చుతారు, మా తరగతిలో నేను చూసిన సంగతి ఇది.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. కనుమ వెళ్లిన మర్నాటికి మార్చుకున్నాను. బిందె సంగతి ఫోనులో చెప్పగానే మా అమ్మాయి, “ఆ ఇంటి నుంచి గోదావరి ఎంత దూరం నాన్నా?” అని అడిగింది. అందుకని ఆ రోజు ఆటో మాట్లాడుకోకుండా, రేవు దగ్గర మొదలుపెట్టి ఇంటిదాకా నడిచే వెళతాం.