నలభై ఎకరాల మాట ఎందుకు నిలబడలేదు? తెలిసినవారు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మేం అట్లాంటా దగ్గర ఉంటాం. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అమెరికా అంతర్యుద్ధం పాఠం చదువుతూ ఒక ప్రశ్న అడిగింది. వారం నుంచి వెతుకుతున్నా, సరైన జవాబు దొరకలేదు.

1865 జనవరిలో ఉత్తరాది (యూనియన్) సైన్యాధికారి జనరల్ షెర్మన్ ఇచ్చిన ఆదేశంతో దక్షిణ కరోలినా, జార్జియా, ఫ్లోరిడా తీరాల్లో బానిసత్వం నుంచి బయటపడిన కుటుంబాలకు నలభై ఎకరాల వరకు భూమి కేటాయించారు. దాదాపు 40,000 మంది అక్కడ సాగు మొదలుపెట్టారు. లింకన్ హత్య తర్వాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది ఆ భూముల్ని పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. దక్షిణ కరోలినాలోని ఎడిస్టో దీవికి ఆ కబురు మోసుకెళ్లింది, విముక్తి పొందినవారి సాయం కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థ (ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో) అధిపతి జనరల్ హోవర్డ్. తరతరాలుగా తాము చెమటోడ్చిన నేల అది, తమకే ఉంచండని అక్కడివాళ్లు అధ్యక్షుడికి అర్జీ కూడా పెట్టుకున్నారు. ఆ భాగం చదివాక నాకు మనసు మనసులో లేదు.

నా సందేహం ఇది. 1866లో పౌరహక్కుల చట్టం విషయంలో జాన్సన్ వీటోను కాంగ్రెస్ తోసిపుచ్చింది కదా. తర్వాత పౌరసత్వం, ఓటు హక్కులకు సంబంధించిన 14, 15వ రాజ్యాంగ సవరణలు కూడా తెచ్చింది. మరి భూమి దగ్గరే ఎందుకు ఆగిపోయింది? షెర్మన్ ఇచ్చింది పట్టా కాదు, స్వాధీన హక్కు మాత్రమే కావడం వల్లనా? ఆస్తి హక్కు జోలికి వెళ్లడానికి ఉత్తరాది వాళ్లు కూడా జంకారా?

ఇంకొకటి, భూమి దక్కనివాళ్లను తర్వాత అప్పులతో కట్టిపడేసిన అక్కడి పంట వాటా సాగును (షేర్‌క్రాపింగ్) మన కౌలుతో పోల్చి చెప్పవచ్చా, లేక పిల్లకు తప్పు అర్థం వెళ్తుందా? చరిత్ర చదివినవారు దయచేసి వివరంగా రాయండి.